బాత్రూము లైటు మూడోసారి పోయింది: అద్దె ఇంట్లో ఎవరు మార్చాలి, ఏది పెట్టాలి?

మూడో అంతస్తు · శనివారం రాత్రి 9.40

నమస్కారం. మాకు హైదరాబాదు నిజాంపేటలో రెండు పడకగదుల ఫ్లాటు ఉంది. మేముండేది విశాఖపట్నంలో. ఫ్లాటు అద్దెకిచ్చి రెండేళ్లయింది. ఉన్నవాళ్లు మంచివాళ్లు, అద్దె ఐదో తేదీ దాటనివ్వరు. ఇంత చిన్న విషయంలో వాళ్లతో మాట పట్టింపు రాకూడదనే ఇక్కడ అడుగుతున్నాను.

హాలు పక్కనున్న బాత్రూములో, ఫాల్స్ సీలింగులో బిగించిన 12 వాట్ల గుండ్రటి ఎల్‌ఈడీ ప్యానెల్ లైటు ఉంది. పద్నాలుగు నెలల్లో అది పోవడం ఇది మూడోసారి. మొదటిసారి నేనే ఎలక్ట్రీషియన్‌ను పంపాను. లైటుకు 380, మనిషికి 350 అయ్యాయి. రెండోసారి వాళ్లే మార్పించుకుని బిల్లు పంపారు, అద్దెలో తగ్గించుకోమన్నాను. ఇప్పుడు మళ్లీ ఫోను. "అంకుల్, వారం రోజులు మిణుకుమిణుకుమంది, నిన్నటి నుంచి అసలు వెలగడం లేదు" అన్నాడు అబ్బాయి. గొంతులో మొహమాటం, దాని వెనక విసుగు, రెండూ వినిపించాయి.

ఎల్‌ఈడీ అంటే ఏళ్ల తరబడి పోదన్నారు కదా! దీన్ని బాగు చేయించవచ్చా, ప్రతిసారీ మొత్తం మార్చాల్సిందేనా? ఈ ఖర్చు న్యాయంగా ఎవరిది? ఇంకోసారి ఈ ఫోను రాకుండా ఉండాలంటే ఏం పెట్టాలి?

నాలుగు పోర్షన్లు · శనివారం రాత్రి 10.05

గుంటూరులో నాలుగు పోర్షన్లు అద్దెకిచ్చి ఇరవై రెండేళ్లు. నా బాత్రూముల్లో ఫాల్స్ సీలింగూ లేదు, ప్యానెల్ లైటూ లేదు. గోడకు ఒక యాంగిల్ హోల్డరు, దానికి ఒక బల్బు, అంతే. బల్బు పోతే ఉన్నవాళ్లు కిరాణా కొట్టులో ఇంకొకటి కొని తిప్పి పెట్టుకుంటారు. నాకు ఫోను రాదు. అద్దె ఇంట్లో పెట్టే లైటు ఉన్నవాళ్ల చేతికి అందేది, వాళ్ల చేత్తో మారేది అయి ఉండాలి. ఫ్లాటు అమ్మేటప్పుడు ఫోటోల్లో బాగుండాలని బిల్డర్లు పెట్టే సోకులు ఇవన్నీ.

టెస్టర్ జేబులో · శనివారం రాత్రి 10.30

నేను ఎలక్ట్రీషియన్‌ను. ఈ పనిలో పంతొమ్మిదేళ్లు. మూడో అంతస్తు గారూ, లైటు కొనే ముందు పోయింది ఏదో చూడండి. మీరు "లైటు" అంటున్నది నిజానికి రెండు వస్తువులు. కింద కనిపించే పలక ఒకటి. దాని వెనక సీలింగు లోపల అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదిగా తెల్లటి ప్లాస్టిక్ పెట్టె ఉంటుంది, అది డ్రైవరు. 230 వోల్టుల కరెంటును పలకకు పనికొచ్చే డీసీగా మార్చేది అదే. నేను విప్పినవాటిలో పది పోతే ఆరేడు డ్రైవరు పోయినవే. అందులో గొట్టంలా ఉండే కెపాసిటర్ వేడికి ఎండిపోతుంది, పైభాగం ఉబ్బుతుంది. మిణుకుమిణుకుమని పోయిందంటే నా మొదటి అనుమానం దాని మీదే.

మీటరు లేకుండా తేల్చుకునే మార్గం ఉంది. రెండో బాత్రూములో కూడా అదే 12 వాట్ల ప్యానెల్ ఉంటే, మెయిన్ బోర్డులో లైట్ల కరెంటు ఆపే స్విచ్చు, అంటే ఎంసీబీ, ఆపి రెండూ కిందికి దించమనండి. పలకకూ డ్రైవరుకూ మధ్య చిన్న పిన్ను కనెక్టరు ఉంటుంది. పోయిన పలకను మంచి డ్రైవరుకు తగిలించి, ఆ తర్వాతే ఎంసీబీ వేయాలి. వెలిగితే పలక బాగున్నట్టే, డ్రైవరు ఒక్కటి కొంటే చాలు, నూటయాభైలో అయిపోతుంది. ఒక్క జాగ్రత్త: కరెంటు ఉండగా కనెక్టరు పీకి పెట్టకూడదు. డ్రైవరులో నిలవున్న వోల్టేజీ ఒక్కసారిగా పలక మీద పడి, బాగున్నది కూడా పోతుంది.

కొత్త డ్రైవరు కొనేటప్పుడు వాట్లు ఒక్కటే చూసి తెచ్చుకోవద్దు. పాతదాని లేబులు మీద అవుట్‌పుట్ ఎన్ని మిల్లీ ఆంపియర్లో, ఎన్ని వోల్టుల నుంచి ఎన్నింటి వరకో రాసి ఉంటుంది. మిల్లీ ఆంపియర్లు అంతే ఉండాలి, వోల్టుల హద్దు కలవాలి. ఆ లేబులు ఫోటో తీసి పెట్టండి.

అద్దెగూడు · శనివారం రాత్రి 11.10

పద్నాలుగేళ్లలో ఆరు ఇళ్లు మారాను కాబట్టి అద్దెవాళ్ల తరఫున నాలుగు మాటలు. బల్బు పోతే మేమే కొంటాం, ఎవరినీ అడగం. కానీ సీలింగులో దిగేసిన పలక బల్బు కాదు, ఇంటి భాగం. స్టూలు మీద స్టూలు వేసుకుని తడి నేల మీద నిలబడి, స్ప్రింగు వేళ్ల మీద పడకుండా దాన్ని పీకడం నా పని కాదు. పోయినసారి మా యజమాని "చిన్న విషయమే కదమ్మా" అన్నారు. ఆ చిన్న విషయం తేలేదాకా పదకొండు రోజులు సబ్బుపెట్టె పక్కన ఫోను టార్చి పెట్టుకుని స్నానాలు చేశాం. మా అత్తయ్యగారికి చీకట్లో అడుగు వేయాలంటే భయం. కాబట్టి ఖర్చు ఎవరిదన్నది తర్వాత తేల్చుకోండి, ముందు ఈ రాత్రికి వాళ్లకు వెలుతురు ఏర్పాటు చేయించండి.

నాలుగు పోర్షన్లు · ఆదివారం ఉదయం 6.50

అమ్మా, చట్టం మాట కూడా చెప్పుకుందాం. 2021లో కేంద్రం తెచ్చిన మోడల్ టెనెన్సీ యాక్టు రెండో షెడ్యూలులో ఎవరి మరమ్మతులు ఎవరివో జాబితా ఉంది. గోడలకు సున్నం, తలుపులకు రంగు, పైపులు మార్చడం, ఇంటి లోపలా బయటా వైరింగు, ఇవి యజమానివి. కుళాయి వాషర్లు, గీజరు, స్విచ్చులు, సాకెట్లు, పెద్ద వైరింగు మార్పులు మినహా కరెంటు సామాను మరమ్మతులు, మార్పిడి, ఇవన్నీ అద్దెకున్నవాళ్లవి. లైటు కరెంటు సామానే.

అద్దెగూడు · ఆదివారం ఉదయం 8.15

బాబాయి గారూ, అది నమూనా చట్టం. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలు. పైగా ఆ జాబితా వర్తించేది రాతపూర్వకంగా వేరే ఒప్పందం లేనప్పుడే. చేయాల్సిన మరమ్మతు యజమాని చేయకపోతే, అద్దెకున్నవాళ్లు చేయించుకుని నెలకు సగం అద్దెకు మించకుండా తగ్గించుకోవచ్చని కూడా అందులోనే ఉంది. ఆ వాక్యం మీకు కనిపించలేదా?

మన పదకొండు నెలల అగ్రిమెంట్లలో లైట్ల సంగతి ఒక్క ముక్క ఉండదు. "ఇంటిని యథాతథ స్థితిలో అప్పగించవలెను" అని జిరాక్సు కొట్టులో దొరికే పాత వాక్యం ఒకటి ఉంటుంది. వచ్చేటప్పుడు వెలిగిన లైటు వెళ్లేటప్పుడు వెలగకపోతే అడ్వాన్సులో కోత. అక్కడ మాత్రం గట్టిగా ఉంటారు.

నాలుగు పోర్షన్లు · ఆదివారం ఉదయం 8.40

నేను ఎవరికీ కోత పెట్టలేదు తల్లీ. గోడకు మేకులు కొట్టి సగం గోడ ఊడదీసినవాడికి తప్ప.

క్రాయిడన్ వాన · ఆదివారం మధ్యాహ్నం 1.20

లండన్ పక్కన క్రాయిడన్‌లో అద్దెకుంటున్న తెలుగువాణ్ణి. మా ఏజెంటు పద్ధతి ఇది: బల్బు మారేదైతే నీది, బల్బు లేకుండా మొత్తం ఒకటే పలక అయితే నాది. రాసుకున్న కాగితంలోనే ఉంది, గొడవ లేదు. ఇంగ్లండులో 2020 నాటి నిబంధనల ప్రకారం అద్దె ఇళ్ల వైరింగును కనీసం ఐదేళ్లకొకసారి అర్హత ఉన్నవాళ్లతో తనిఖీ చేయించి, ఆ నివేదిక ప్రతి అద్దెకున్నవాళ్లకు ఇవ్వాలి.

ఇక్కడ బాత్రూమును జోన్లుగా విడదీస్తారు. స్నానపు తొట్టి లోపలి భాగం సున్నా. దాని మీదుగా నేల నుంచి రెండుంపావు మీటర్ల ఎత్తు వరకు ఒకటి. దాని పక్కన 60 సెంటీమీటర్ల వరకు రెండు. ఒకటి, రెండు జోన్లలో పెట్టే లైటుకు ఐపీ సంఖ్యలో రెండో అంకె కనీసం 4 ఉండాలి. ఐపీలో మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీళ్లకు. మీ ప్యానెల్ మీద ఐపీ 20 అని ఉంటే ఆ సున్నాకు అర్థం, నీటి నుంచి దానికి ఏ రక్షణా లేదని.

టెస్టర్ జేబులో · ఆదివారం మధ్యాహ్నం 2.00

మంచి మాట చెప్పారు. మన దగ్గర సీలింగు ప్యానెళ్లలో ఎక్కువ ఐపీ 20వే. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి. పెట్టె మీద ఐపీ 44 అని ఉన్నా చాలావాటికి అది కింది ముఖానికే. పైనుంచి నీళ్లు పడితే డ్రైవరుకు దిక్కు లేదు.

వేడి ఇనుము · ఆదివారం మధ్యాహ్నం 3.35

ఎవరూ బాగుచేయడం గురించి మాట్లాడరేం? పలక విప్పితే లోపల పసుపు పచ్చని చిప్పులు వరసగా ఉంటాయి. పోయినదాని మీద నల్లటి చుక్క కనిపిస్తుంది, ఆవగింజ కంటే చిన్నది. వరసలో ఒక్కటి తెగితే మొత్తం ఆరిపోతుంది, పాతకాలం పండగ దీపాల దండలాగే. ఆ చిప్పు పీకేసి రెండు కొసలనూ సోల్డరుతో కలిపేస్తే మిగతావన్నీ వెలుగుతాయి. నేను మా అపార్టుమెంటులో ఇప్పటికి పదిహేడు బల్బులు బతికించాను. కెపాసిటర్లు కోఠిలో గుజరాతీ గల్లీలో రూపాయల్లో దొరుకుతాయి. పారేసే ముందు ఒక్కసారి ఆలోచించండి.

టెస్టర్ జేబులో · ఆదివారం మధ్యాహ్నం 4.10

తమ్ముడూ, నీ పనితనానికి దండం. మీ ఇంటి హాల్లో చేసుకో, నేనూ వచ్చి చూస్తాను. అద్దె ఇంటి బాత్రూములో మాత్రం వద్దు. ఒక చిప్పు వేడికి మాడిందంటే పక్కనున్నవి కూడా అదే వేడిలో ఉన్నాయి. నెలకో రెండు నెలలకో ఇంకొకటి పోతుంది. ఈ రోజుల్లో చవక బల్బుల్లో విడిగా డ్రైవరు ఉండదు. చిప్పులున్న పలక మీదే అన్నీ అతికిస్తారు, మెయిన్సుకూ చిప్పులకూ మధ్య అడ్డుగోడే ఉండదు. మూత సరిగా పట్టక తేమ లోపలికి పోతే తాకినవాడికి 230 వోల్టులు. నువ్వు బాగుచేసిన సంగతి నీకు తెలుసు. రేపు ఆ ఇంట్లో దిగేవాళ్లకు తెలియదు కదా.

వేడి ఇనుము · ఆదివారం మధ్యాహ్నం 4.25

ఒప్పుకున్నాను. బాత్రూము వరకు ఒప్పుకున్నాను.

నిడదవోలు జంక్షన్ · ఆదివారం రాత్రి 8.00

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. మా బాత్రూము లైటు స్విచ్చు ఆపినా రాత్రంతా మిణుగురు పురుగులా సన్నగా వెలుగుతూనే ఉంటుంది. ఎవరూ లేని బాత్రూములో వెలుతురేమిటని మా నాయనమ్మ అటు వెళ్లడం మానేసింది. రెండు లైట్లు మార్చాం, అదే తంతు. ఇది కూడా డ్రైవరేనా?

విశ్రాంత ఏఈ · ఆదివారం రాత్రి 8.45

విద్యుత్ శాఖలో 34 ఏళ్లు చేసి రిటైరయ్యాను. మీది లైటు దోషం కాదు, వైరింగు దోషం అయి ఉండవచ్చు. స్విచ్చు ఫేజు మీద, అంటే కరెంటు వచ్చే తీగ మీద ఉండాలి. మీ ఇంట్లో వైరింగు చేసినవారు పొరపాటున న్యూట్రల్ మీద, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ మీద పెట్టి ఉంటారు. అప్పుడు స్విచ్చు ఆపినా లైటు దాకా ఫేజు వచ్చే ఉంటుంది, అక్కడి నుంచి జారే కొద్దిపాటి కరెంటుకే ఎల్‌ఈడీ సన్నగా వెలుగుతుంది. పాత ఫిలమెంటు బల్బుకు ఆ కాస్త సరిపోదు కాబట్టి అప్పట్లో ఎవరికీ తెలియలేదు. స్విచ్చులో ఎర్రటి ఇండికేటరు ఉన్నా ఇలా జరుగుతుంది. అదైతే ప్రమాదం లేదు. మొదటిదైతే స్విచ్చు ఆపాను కదా అని హోల్డరులో వేలు పెట్టినవారికి షాకు. స్విచ్చు ఆపి, లైటు దగ్గర టెస్టరు పెట్టించి చూడండి. వెలిగితే వెంటనే సరిచేయించండి.

అందరికీ చెబుతున్నాను: లైటు మార్చేటప్పుడు స్విచ్చును నమ్మవద్దు. ఎంసీబీ ఆపండి. ఆపిన తర్వాత కూడా టెస్టరు పెట్టి చూడండి. ఆ టెస్టరు పనిచేస్తోందో లేదో ముందుగా ఇంకో సాకెట్లో చూసుకోండి.

మూడో అంతస్తు గారికి ఒక ప్రశ్న. ఇంట్లో వేరే లైట్లు గాని, సెట్‌టాప్ బాక్సు, ఫ్రిజ్ వంటివి గాని ఒకేసారి పాడయ్యాయా? మూడు ఫేజుల కనెక్షన్ ఉన్న అపార్టుమెంట్లలో న్యూట్రల్ వదులైతే ఒక ఫ్లాటుకు తక్కువ వోల్టేజీ, పక్క ఫ్లాటుకు 230 స్థానంలో 300 పైన కూడా వెళ్లవచ్చు. అప్పుడు ఎల్‌ఈడీ డ్రైవర్లు ముందుగా బలి అవుతాయి.

మూడో అంతస్తు · సోమవారం ఉదయం 10.15

అందరికీ ధన్యవాదాలు. నిన్న సాయంత్రం అద్దెకున్న అబ్బాయితో వివరంగా మాట్లాడాను. అద్దెగూడు గారి మాట విని, ముందు ప్లగ్గులో పెట్టుకునే చిన్న లైటు ఒకటి కొనుక్కోమని డబ్బు పంపాను. బాత్రూము బయట వాష్‌బేసిన్ దగ్గరున్న సాకెట్లో పెట్టారట, తలుపు పైనున్న అద్దంలోంచి వెలుతురు సరిపోతోందట.

ఏఈ గారూ, వేరే ఏవీ పోలేదు. రెండో బాత్రూములో అదే కంపెనీ, అదే 12 వాట్లు, ఇల్లు కట్టినప్పటిది, ఇప్పటికీ వెలుగుతోంది. టెస్టర్ గారు చెప్పినట్టు మార్చి చూశాడు: పోయిన పలక మంచి డ్రైవరు మీద వెలిగింది. కాబట్టి పోయింది డ్రైవరే. ఇంకో రెండు సంగతులు చెప్పాడు. మిణుకుమనడం ఎప్పుడూ పొద్దున ఏడు, ఎనిమిది మధ్యేనట, సాయంత్రాలు మామూలుగా ఉండేదట. ఈ నెలలో మూడుసార్లు ఇంట్లో మెయిన్ దానంతటదే పడిపోయిందట. అది కూడా పొద్దునే.

విశ్రాంత ఏఈ · సోమవారం ఉదయం 11.00

పొద్దున ఏడు, ఎనిమిది అంటే అపార్టుమెంటు మొత్తం గీజర్లు వేసే సమయం. వోల్టేజీ తగ్గుతోంది. మీ ఫ్లాటు మీటరు దగ్గర ఆ వేళలో వోల్టేజీ ఎంతో చూడమనండి. 230కి దరిదాపుల్లో ఉండాలి.

టెస్టర్ జేబులో · సోమవారం ఉదయం 11.30

ఏఈ గారి అనుభవం ముందు నేనెంత. కానీ సార్, వోల్టేజీ తగ్గితే రెండు బాత్రూముల్లోనూ మిణుకుమనాలి కదా? పైగా ఈ డ్రైవర్లు చాలావరకు నూట అరవైకి పడినా వెలుగుతూనే ఉంటాయి. వోల్టేజీ తగ్గినంత మాత్రాన మెయిన్ ఎందుకు పడుతుంది? పడేది మామూలు ఎంసీబీయా, కరెంటు నేలకు జారితే పడే, బటన్ ఉన్న ఆర్‌సీసీబీయా?

మూడో అంతస్తు · సోమవారం మధ్యాహ్నం 12.40

అడిగాను. దాని మీద టెస్ట్ అని చిన్న బటన్ ఉందట.

అద్దెగూడు · సోమవారం మధ్యాహ్నం 1.05

నాకు వైరింగు తెలియదు. కానీ పొద్దున ఏడు, ఎనిమిది మధ్య ఇంకొకటి కూడా జరుగుతుంది. పై ఫ్లాటువాళ్లు స్నానాలు చేస్తారు.

మియాపూర్‌లో ఉన్నప్పుడు మాకు ఇదే జరిగింది. సీలింగు మీద ఏ మరకా లేదు. ఒకరోజు లైటు దించితే లోపలి నుంచి గ్లాసెడు నీళ్లు వచ్చాయి. మీ లైటు దించినప్పుడు స్ప్రింగులు ఎలా ఉన్నాయో అడగండి.

టెస్టర్ జేబులో · సోమవారం మధ్యాహ్నం 1.15

అమ్మా, మీరు నా పొట్ట కొట్టేలా ఉన్నారు. అది నాకు తట్టాల్సింది! అవును, ఆర్‌సీసీబీ పడిందంటే కరెంటు ఎక్కడో నేలకు జారుతోందని అర్థం. మూడో అంతస్తు గారూ, ఆ లైటు వైర్లను ఈ రోజే ఎంసీబీ ఆపి టేపు చుట్టి వదిలేయమనండి. డ్రైవరు తడిస్తే కరెంటు తడి జిప్సం మీదుగా సీలింగు లోపలి ఇనుప చట్రానికి పాకవచ్చు. ఆ ఆర్‌సీసీబీ పెట్టినవాడికి నమస్కారం. 30 మిల్లీ ఆంపియర్లకే పడేలా చేస్తారు వాటిని. పదేపదే పడుతోందని ఎవరైనా దాన్ని తీసేయమంటే మాత్రం వినవద్దు.

విశ్రాంత ఏఈ · సోమవారం మధ్యాహ్నం 2.30

నేను తొందరపడ్డాను. అద్దెగూడు గారు చెప్పిందే సరైన దారి.

మూడో అంతస్తు · మంగళవారం రాత్రి 9.20

ఫోటోలు వచ్చాయి. మాటల్లో చెబుతాను. స్ప్రింగులు రెండూ తుప్పు పట్టి ఎర్రగా ఉన్నాయి. ఒకటి ముట్టుకుంటే విరిగిందట. డ్రైవరు పెట్టె అంచు చుట్టూ ఉప్పు పేరుకున్నట్టు తెల్లటి పొర, బోరు నీళ్ల బకెట్టు మీద గీతలా. రంధ్రంలోంచి ఫోను లోపలికి పెట్టి వీడియో తీశాడు. పై శ్లాబు నుంచి దిగిన డ్రెయిన్ పైపు బెండు దగ్గర నల్లటి తడి, అక్కడి నుంచి ఇనుప చానెలు వెంట నీటి చారిక సరిగ్గా లైటు రంధ్రం దాకా వచ్చింది. నీళ్లకు వేరే దారి లేదు, అందుకే సీలింగు కింద మరక పడలేదు.

పద్నాలుగు నెలల్లో ఇద్దరు ఎలక్ట్రీషియన్లు అదే రంధ్రంలో చేయి పెట్టారు. ఇద్దరూ కొత్త లైటు బిగించి డబ్బు తీసుకుని వెళ్లారు. నేను మాత్రం కంపెనీని తిట్టుకున్నాను, ఒకసారి మనసులో అద్దెకున్నవాళ్లను కూడా.

ఖర్చు ఎవరిదన్న ప్రశ్న ఇక నేను అడగను. రెండోసారి వాళ్లు అడిగిన డబ్బు అద్దెలో తగ్గించాను కాబట్టి సరిపోయింది. ఇప్పుడు పై ఫ్లాటువాళ్లతో ఎలా మాట్లాడాలి? ఆ ఫ్లాటు యజమాని డల్లాస్‌లో ఉంటారు. అక్కడా అద్దెవాళ్లే.

నాలుగు పోర్షన్లు · మంగళవారం రాత్రి 9.50

తిట్టకుండా మొదలుపెట్టండి. "మీ బాత్రూము కారుతోంది" అంటే "మాది బాగానే ఉంది" అంటారు. వీడియో పంపి, అసోసియేషన్ కార్యదర్శిని మధ్యలో పెట్టుకుని, నీళ్లు నిలబెట్టి చూద్దాం అనండి. నేల జాలీకి గుడ్డ కుక్కి, అంగుళం ఎత్తు నీళ్లు పోసి 24 గంటలు వదిలేయాలి. కింద కారితే నేల టైల్సు సందుల్లోంచి. కారకపోతే జాలీ గుడ్డ తీసేయండి. అప్పుడు కారితే పైపు జాయింటు. రెండింటి ఖర్చులో చాలా తేడా ఉంటుంది. మొదటిదైతే టైల్సు సందులు గీకి ఎపాక్సీ పట్టిస్తే చాలాసార్లు ఆగిపోతుంది.

క్రాయిడన్ వాన · మంగళవారం రాత్రి 11.40

డల్లాస్‌లో ఉన్న ఆయనకు వాట్సాప్‌తో పాటు ఈమెయిల్ కూడా పంపండి, తేదీతో. రేపు మాట మారకుండా ఉంటుంది.

టెస్టర్ జేబులో · బుధవారం ఉదయం 7.30

నీళ్లు ఆగేదాకా ఆ రంధ్రంలో ఏ లైటూ పెట్టవద్దు, ఐపీ 65 అయినా సరే. అక్కడి వైర్లను స్విచ్చు దగ్గరే విడదీయించండి. కొత్త పాయింటు తలుపు పైన, లోపలి వైపు గోడకు పెట్టండి. షవరుకు ఎంత దూరమైతే అంత మంచిది. స్విచ్చుబోర్డు నుంచి పీవీసీ కేసింగులో వైరు తీసుకెళ్తే గోడ పగలగొట్టే పని లేదు. వైరు, హోల్డరు, కూలి కలిపి వెయ్యి లోపే అవుతుంది.

నాలుగు పోర్షన్లు గారి హోల్డరు వాదం నాకూ నచ్చింది. ఒకటి మాత్రం చేరుస్తాను. అందంగా ఉంటుందని నాలుగు వైపులా మూసిన గాజు డోములో ఎల్‌ఈడీ బల్బు పెడతారు. బల్బు పెట్టె మీద సన్నటి అక్షరాలతో మూసిన డోములో వాడవద్దని రాసి ఉంటుంది, ఎవరూ చదవరు. వేడి బయటికి పోక ఏడాదికే పోతుంది. కింద తెరిచి ఉన్న షేడు చూడండి, లేదా డోమే కావాలంటే 9 వాట్లకు బదులు 5 వాట్లది పెట్టండి. చిన్న బాత్రూముకు 7 వాట్లు ధారాళం. కొనేటప్పుడు ప్రభుత్వ నాణ్యతా ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తు, ఆర్‌తో మొదలయ్యే నంబరు ఉన్నాయో లేదో చూసి, తారీఖు వేయించి బిల్లు తీసుకోండి. రెండేళ్ల వారంటీ ఉండి కూడా బిల్లు లేక వదులుకునేవాళ్లే ఎక్కువ.

అద్దెగూడు · బుధవారం ఉదయం 8.00

ఆ బిల్లు అద్దెకున్నవాళ్ల ఫోనుకు కూడా పంపండి. లైటు ఉండేది వాళ్ల దగ్గర, బిల్లు ఉండేది విశాఖపట్నంలో బీరువాలో. అలాగైతే వారంటీ ఎవరు అడుగుతారు?

నిడదవోలు జంక్షన్ · గురువారం సాయంత్రం 6.15

ఏఈ గారూ, మీరు చెప్పిందే. స్విచ్చు న్యూట్రల్ మీద ఉంది. హాలు లైటు కూడా అలాగే ఉందట, రెండూ మార్పించాను. బాత్రూము ఇప్పుడు రాత్రి చీకటిగా ఉంటుంది. మా నాయనమ్మ "చీకట్లో ఎలా వెళ్లనురా" అంటోంది.

మూడో అంతస్తు · పది రోజుల తర్వాత, ఆదివారం ఉదయం 9.00

ఎలా తేలిందో చెప్పడం బాకీ ఉంది. నేనే నిజాంపేట వెళ్లి రెండు రోజులున్నాను. నీళ్లు నిలబెట్టి చూశాం. 24 గంటలు ఒక్క చుక్క లేదు. జాలీ గుడ్డ తీసిన రెండు నిమిషాలకు బెండు దగ్గర చుక్కలు మొదలయ్యాయి. పైపు జాయింటే. డల్లాస్ ఆయన వీడియో చూసి మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. ప్లంబరు మా సీలింగు పక్కన కాస్త కోసి బెండు మార్చాడు, ఆ ఖర్చు ఆయన పెట్టుకున్నారు. సీలింగు అతుకు నాది.

తలుపు పైన హోల్డరు, తెరిచిన షేడు, 7 వాట్ల బల్బు. మొత్తం 870. షేడులో పట్టే బల్బు ఒకటి అదనంగా కొని వంటింటి అరలో పెట్టి వచ్చాను. కొత్త అగ్రిమెంటులో "బల్బులు అద్దెదారువి, బిగించిన లైట్లు, వైరింగు యజమానివి" అని ఒక వాక్యం రాయించాం. రాస్తున్నప్పుడు అబ్బాయి నవ్వాడు.

నాలుగు పోర్షన్లు · ఆదివారం ఉదయం 9.20

సంతోషం. పాత లైటు రంధ్రాన్ని ఏం చేశారు? మూత బిగించారా?

మూడో అంతస్తు · ఆదివారం ఉదయం 9.45

ప్లంబరు మూసేద్దామన్నాడు. నేనే వద్దన్నాను. మళ్లీ కారితే ముందు అక్కడే కనిపిస్తుంది. బల్లులు పడతాయని వాళ్ల పాప భయపడితే, దోమల జాలీ ముక్క ఒకటి గుండ్రంగా కత్తిరించి అంటించాం.